గ్రో టెంట్ ఫ్రేమ్ ఊగుతోందా? సొల్యూషన్ డబ్బా తీసే ముందు పైపు కొలవండి

గ్రో టెంట్, అంటే ఇంట్లో లైటు కింద మొక్కలు పెంచే గుడారం, కోసం పీవీసీ పైపులు కోసి ఎల్బోలు (మూల జాయింట్లు) బిగించడం, పైన వెండి రంగు షీటు కప్పి లోపల లైటు కట్టడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా. విజయవాడ ఎండలకి కొత్తిమీర, లెట్యూస్ బయట నిలవవని గదిలోనే టెంట్ కట్టుకున్నవాళ్ళు నాకు తెలిసి ముగ్గురు నలుగురున్నారు. అందరి ఫ్రేములూ చూశాను, అందరి దగ్గరా దాదాపు ఒకటే తప్పు.

సమస్య: ఖాళీగా ఉన్నప్పుడు నిటారుగానే ఉంది, లైటూ ఫ్యానూ తగిలించాక ఒక పక్కకి ఒరిగింది, చెయ్యి వేస్తే ఊగుతోంది.

ముందు గచ్చు చూడండి. బాల్కనీ, యుటిలిటీ లాంటి చోట్ల నీళ్ళు పోవడానికి వాటం పెట్టి వేస్తారు, అక్కడ ఏ ఫ్రేమయినా ఒరిగే ఉంటుంది. రసమట్టం పెట్టి, పల్లంగా ఉన్న కాలి కింద టైలు ముక్క పెట్టండి. తర్వాత టేపుతో రెండు ఐమూలలూ కొలవండి. నాలుగడుగుల చదరం అయితే రెండూ 5 అడుగుల 8 అంగుళాలకి దగ్గరగా, సమానంగా రావాలి. రెండు నిమిషాల పని, దయచేసి మానొద్దు.

ఇవన్నీ సరిగానే ఉండి కూడా ఊగుతుంటే అసలు దొంగ పైపుకీ ఎల్బోకీ మధ్య ఉంటాడు. కొట్టుకెళ్ళి "ముప్పావు పైపు" (ముప్పావు అంగుళం) అంటే మూడు రకాల్లో ఏదైనా చేతికి రావచ్చు. తెల్లటి ప్లంబింగ్ యూపీవీసీ ముప్పావు పైపు బయటి వ్యాసం 26.7 మి.మీ., పొలాలకి వాడే పైపు 25, వేడినీళ్ళకి వేసే సీపీవీసీ 22.2. కరెంటు వైర్ల కాండ్యూట్‌లో కూడా 25 ఉంది. సీపీవీసీ పైపు ప్లంబింగ్ ఎల్బోలో పెడితే గడగడలాడుతుంది కాబట్టి ఎవరైనా పట్టేస్తారు. ప్రమాదం 25 మి.మీ. పైపుతోనే, ఎందుకంటే అది చక్కగా దూరి సరిపోయినట్టే కనిపిస్తుంది.

నేను మొదటిసారి పైపులు మా వీధి ఎలక్ట్రికల్ కొట్లో, ఎల్బోలు వన్ టౌన్‌లో ఒక ప్లంబింగ్ కొట్లో కొన్నాను. దూరాయి కదా అని పైపులు అతికించే సొల్యూషన్ పూసి బిగించాను. మూడు వారాలు బాగానే ఉంది. ఒక పొద్దున చూస్తే టెంట్ గోడకి ఆనుకుని ఉంది, లైటు నారు మీదకి దిగింది, కొత్తిమీర ట్రేలో సగం మాడిపోయింది. నేను కొన్న పైపు 25 మి.మీ. కాండ్యూట్, ఎల్బోలు 26.7వి, తేడా 1.7 మి.మీ.యే. కానీ ఎల్బోలో పైపు దూరే లోతు 20 మి.మీ. అనుకుంటే, ఆరడుగుల ఎత్తుకి వెళ్ళేసరికి ఆ కాస్త వదులే అయిదారు అంగుళాల ఒరుగు అవుతుంది. సొల్యూషన్ ఖాళీని నింపే బంక కాదు, రెండు ప్లాస్టిక్ ముఖాలనీ మెత్తబరిచి ఒకటిగా అతికిస్తుంది. ముఖాలు తగలని చోట పలచటి పొరగా ఎండిపోయి, ఫ్యాను అదురుకి పగిలిపోతుంది.

పట్టుకోవడం తేలిక. కాగితం పట్టీ పైపు చుట్టూ చుట్టి స్కేలుతో కొలవండి: 84 మి.మీ. వస్తే ప్లంబింగ్, 78-79 వస్తే పొలం పైపో కాండ్యూటో, 70 వస్తే సీపీవీసీ. ఇంకో గుర్తు, సరైన ప్లంబింగ్ జోడీ సొల్యూషన్ లేకుండా తోస్తే సగం దాకా వెళ్ళి బిగుసుకుంటుంది. అడుగు దాకా జారిపోయిందంటే అది జోడీ కాదు.

పరిష్కారం: మీది పొలం పైపయితే ఎల్బోలు మార్చండి, 25 మి.మీ.వి విడిగా దొరుకుతాయి. కాండ్యూట్ అయితే పైపులే మార్చండి, వైరు కోసం చేసిన పలచటి గొట్టం బరువు మోయదు. కొట్టుకి వెళ్ళేటప్పుడు పైపు ముక్క ఒకటి తీసుకెళ్ళి అక్కడే దూర్చి చూడండి, "అదే సైజు అండీ" అన్న మాట నమ్మొద్దు. అతికించేసి ఉంటే ఎల్బో పక్కనే హ్యాక్సాతో కోసి, నాలుగు కాళ్ళూ సమానంగా తగ్గించుకోండి. ఈలోపు ఆగాలంటే పైపూ ఎల్బో కలిపి ఆ పక్కనుంచి ఈ పక్కకి రంధ్రం వేసి నట్టూ బోల్టూ బిగించండి. ఇన్సులేషన్ టేపు చుట్టి దూర్చడం మాత్రం వద్దు, వేడికి జిగురు కారి జారిపోతుంది.

సమస్య: పై అడ్డపైపు మధ్యలో కుంగింది.

ఇది వేడి పని. 43 డిగ్రీల దగ్గర పీవీసీ పైపు తట్టుకోగల నీటి ఒత్తిడి, 23 డిగ్రీలప్పటితో పోలిస్తే సగానికి పడిపోతుంది. మన మే నెలలో, పైగా లైటు పక్కన, అది ఎంత మెత్తబడుతుందో ఊహించుకోండి. లైటు వేలాడే ఆ ఒక్క పైపూ జీఐ (జింకు పూత ఇనుప) పైపు వేయండి, లేదా బరువుని రెండు అడ్డపైపులకి పంచండి. ఎగ్జాస్ట్ ఫ్యాను బరువుదయితే గోడకి బిగించండి.

షీటు లోపలికి పీల్చుకుంటే కంగారొద్దు, ఎగ్జాస్ట్ పనిచేస్తోందని అర్థం. పైపులు వంగేంతగా ఉంటే ఫ్యాను వేగం తగ్గించండి. డాబా మీద ఎండలో పడేసి వంకరపోయిన పైపులు, పగుళ్ళున్న ఎల్బోలు అరుదు. కనిపిస్తే మార్చేయండి, చాలు.