ఆందోళనకూ దిగులుకూ గుర్రపు స్వారీ – మూడో పాఠం: పగ్గాలు లేని ఇరవై నిమిషాలు

కిందటి రెండు పాఠాల్లో కాళ్లు నేల మీదే ఉన్నాయి. ఖరారాతో (పళ్లున్న బ్రష్షు) గుర్రం ఒళ్లు రుద్దడం, డెక్క ఎత్తించి మట్టి తీయడం, తాడు పట్టుకుని నడిపించడం చేతికొచ్చాయి. ఈ వారం ఎక్కుతాం. ఎక్కినా పగ్గాలు మీకివ్వం. శిక్షకుడు మధ్యలో నిలబడి ఏడెనిమిది మీటర్ల తాడు పట్టుకుంటాడు, గుర్రం ఆయన చుట్టూ నడుస్తుంది. ఆ తాడుకున్న ఇంగ్లీషు పేరు తెలుగువాళ్ల మధ్య గట్టిగా పలకలేం. పొడుగు తాడు అందాం.

పగ్గాలు ఎందుకివ్వమో ముందు తెలుసుకోండి. భయపడ్డ మనిషి చేతికి ఏది అందితే అది గుంజుతాడు. పగ్గం అవతలి కొస గుర్రం నోట్లోని కళ్లేనికి ఉంటుంది. గుంజగానే గుర్రం తలెత్తుతుంది, వీపు బిగిస్తుంది, అడుగు జోరు పెంచుతుంది. పైగా బెంగళూరు లాయాల్లో రేసుల నుంచి రిటైరైన గుర్రాలు చాలానే ఉంటాయి. వాటికి పగ్గం బిగుతంటే ఆగమని కాదు, పట్టు దొరికింది పరిగెత్తమని. మీ భయం గుర్రానికి, దాని జోరు మళ్లీ మీకు. ఈ చుట్టు తెగాలంటే చేతిలో పగ్గం లేకపోవడమే మేలు. మెడ చుట్టూ వదులుగా కట్టిన తోలు పట్టీ ఒకటుంటుంది, అదే మీ ఆధారం.

ఎక్కే ముందు చూసుకోవాల్సినవి. రాత్రి క్లోనాజెపామ్ లాంటి మాత్ర వేసుకునేవాళ్లు పొద్దున మగతగా ఉంటే ఆ రోజు గుర్రానికి మాలీషు చేయడంతో సరిపెట్టుకోండి. మగతలో తూకం తప్పుతుంది. స్వారీ కోసం మాత్ర మానేయడం మాత్రం వద్దు, అది మందు రాసిన డాక్టరుతో తేల్చుకోవాల్సిన సంగతి. స్వారీ చికిత్సకు తోడే, బదులు కాదు. దీని మీద జరిగిన పరిశోధనలు ఎక్కువగా చిన్న చిన్న బృందాలతో చేసినవే. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే లాయానికి కాదు, ముందు 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులోనూ మాట్లాడతారు.

హెల్మెట్ అంచు కనుబొమ్మలకు రెండు వేళ్ల ఎత్తులో ఉండాలి. జీను పట్టీకీ గుర్రం పొట్టకీ మధ్య రెండు వేళ్లు దూరాలి, చెయ్యంతా దూరితే జీను పక్కకు తిరుగుతుంది. గుర్రాలు పట్టీ బిగించేటప్పుడు పొట్ట ఉబ్బిస్తాయి కాబట్టి నాలుగడుగులు నడిపించాక మళ్లీ చూడమని సైసుకు (గుర్రాన్ని చూసుకునే మనిషికి) చెప్పండి. రికాబు (జీనుకు వేలాడే, పాదం పెట్టుకునే ఇనుప వలయం) కొలతకు వేళ్ల కొసలు జీను దగ్గరి కొక్కెం మీద పెట్టి చెయ్యి చాపండి. రికాబు అడుగు చంకకు తగిలితే సరిపోయినట్టే.

ఒక స్థానిక హెచ్చరిక. బెంగళూరులో యలహంక, జక్కూరు వైపు లాయాల్లో గుర్రాలకు విమానాల మోత అలవాటే గానీ ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగే ఫిబ్రవరి వారంలో యుద్ధ విమానాల మోత వేరు. మొదటిసారి ఎక్కేవాళ్లు ఆ వారం వాయిదా వేసుకోండి.

ఎక్కడానికి మెట్టు దిమ్మె వాడండి. గుర్రాల ఎత్తును చేతుల లెక్కన కొలుస్తారు; పదిహేను చేతుల గుర్రమంటే మూపు దగ్గర 152 సెంటీమీటర్లు, నేల మీంచి ఎగబాకితే దాని వీపు గుంజుకుపోతుంది. సాయం తీసుకోవడం నామోషీ అనుకునేవాళ్లకు ఒక మాట. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెసాజ్ అనే గుర్రపు విన్యాసాల పోటీలో రజతం గెలిచిన డెన్మార్క్ మహిళ లిస్ హార్టెల్‌కు పోలియో వల్ల మోకాళ్ల కింద పట్టు లేదు, గుర్రం ఎక్కడానికి మనిషి సాయం కావాల్సి వచ్చేది.

ఇక నడక. మొదటి రెండు చుట్లూ ఏమీ చేయకండి. రెండు చేతులా మెడ పట్టీ పట్టుకుని, పిరుదుల కింది రెండు ఎముకల మీద బరువుంచి, తుంటిలో ఏం జరుగుతోందో గమనించండి. గుర్రం ఎడమ వెనక కాలు ముందుకు చాపినప్పుడు మీ ఎడమ తుంటి కిందికి దిగుతుంది, తర్వాత కుడిది. మనం నేల మీద నడిచేటప్పుడు నడుము ఊగే తీరూ దాదాపు ఇదే. ఆ దిగడాన్ని పైకి చెప్పండి: ఎడమ, కుడి, ఎడమ, కుడి. తప్పు చెబితే శిక్షకుడు వెనక కాళ్లు చూసి సరిదిద్దుతాడు. ఇది చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ పాఠం ప్రాణమంతా ఇందులోనే ఉంది. తుంటి లెక్క తప్పకుండా చెబుతూ నిన్నటి మీటింగు గురించి కుమిలిపోవడం కష్టం.

లెక్క కుదిరాక ఊపిరి కలపండి. నాలుగు ఊపులకు పీల్చడం, ఆరు ఊపులకు వదలడం. వారం తర్వాత వదలడం ఎనిమిదికి పెంచవచ్చు. లోతుగా పీల్చమని మేం చెప్పం. ఆందోళన ఉన్నవాళ్లు అప్పటికే అవసరానికి మించి పీలుస్తుంటారు. ఇంకా పీలిస్తే వేళ్లు తిమ్మిరెక్కి తల తిరుగుతుంది, అదే దడ అనిపిస్తుంది. వదలడం మీదే దృష్టి పెట్టండి, పీల్చడం దానంతటదే జరిగిపోతుంది.

ఆందోళన మనిషి గుర్రం మీద మోకాళ్లు బిగిస్తాడు. తడి సబ్బును పిడికిట్లో నొక్కితే పైకి జారినట్టు, మోకాళ్లు బిగిస్తే మనిషి జీను మీంచి పైకి లేస్తాడు. మడమలు లేస్తాయి, మెడ పట్టీ మీద పిడికిలి తెల్లబడుతుంది. గుర్రం చెవులు వెనక్కి మీ వైపు తిరిగి అక్కడే ఉండిపోతాయి. కింద నిలబడి "రిలాక్స్, రిలాక్స్" అని అరిచే శిక్షకుడి వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. బదులు ఇవి చేయండి. భుజాలు చెవుల దాకా ఎత్తి, మూడు లెక్కపెట్టి, ఊపిరితో పాటు ఒక్కసారిగా వదిలేయండి. బూట్ల లోపల కాలివేళ్లు ఆడించండి. అప్పటికీ వదలకపోతే పదమూడో ఎక్కం గట్టిగా చెప్పండి. ఊపిరి బిగబట్టి ఎక్కం చెప్పడం ఎవరి వల్లా కాదు. మీరు వదిలారో లేదో గుర్రం మెడే చెబుతుంది. కొంతసేపటికి మెడ కిందికి సాగి, ముక్కులోంచి బుర్రుమని గాలి వదులుతుంది.

దిగులు మనిషి ఇందుకు పూర్తిగా వేరు. బిగించడు, కుంగిపోతాడు. ఛాతీ లోపలికి, చూపు జూలు మీదికి. బరువు చచ్చుబడ్డట్టు పడేసరికి గుర్రం అడుగు మందగించి ఆగిపోతుంది. ఇతనికి ఊపిరి లెక్కలు పెడితే ఇంకా లోపలికి ముడుచుకుంటాడు. ఇతనికి పని కావాలి. రింగు చుట్టూ నాలుగు గుర్తులు పెట్టించండి: బకెట్టు, ఎర్ర కోను, వేపచెట్టు, గేటు. ప్రతి గుర్తునూ చేరకముందే దాని వైపు తల తిప్పి పేరు చెప్పాలి. చుట్టుకు రెండుసార్లు గుర్రాన్ని ఆపాలి: నడుము నిటారుగా పెంచి, ఊపిరి వదిలి, తుంటి ఊపు ఆపేయాలి. మళ్లీ కదిలించడానికి రెండు పిక్కలతో ఒక్క నొక్కు. కదలకపోతే కాస్త గట్టిగా ఇంకోటి. అప్పటికీ కదలకపోతే శిక్షకుడు నాలుక చప్పరిస్తాడు, అంతేగానీ మీరు డొక్కల్లో తన్నుతూ ఉండకండి. పది తన్నులు తిన్న గుర్రం పదకొండోది పట్టించుకోదు. అడిగిన వెంటనే కదిలే 450 కిలోల జంతువు, ఏం చేసినా ఏమీ జరగదని వారాలుగా నమ్ముతున్న మనిషికి చేతికందే జవాబు.

రెండూ కలిసి ఉన్నవాళ్లే ఎక్కువ. వాళ్లు మొదటి పదిహేను నిమిషాలు లెక్కతో, చివరి ఐదు గుర్తులతో చేయాలి.

మధ్యలో గుండె దడ మొదలైతే "సార్, ఆపండి" అని గట్టిగా చెప్పండి, సైగలు వద్దు. గుర్రం ఆగాక మెడ పట్టీ పట్టుకుని, చూపు దాని చెవుల మధ్య నిలిపి, పొడుగ్గా ఊపిరి వదలండి. రెండు నిమిషాల్లో తగ్గకపోతే దిగండి. దిగేటప్పుడు ముందుగా రెండు పాదాలూ రికాబుల్లోంచి తీయాలి. ఒక పాదం ఇరుక్కుంటే ప్రమాదం. మెడ మీదికి వంగి కుడి కాలు వెనకనుంచి తిప్పి, మోకాళ్లు వంచి వాలండి. దిగాక నేరుగా కారెక్కకండి. సైసుతో కలిసి ఐదు నిమిషాలు గుర్రాన్ని నడిపించండి. పారిపోయి దక్కించుకున్న ఊరట వచ్చేవారం భయాన్ని రెట్టింపు చేస్తుంది.

ఇరవై నిమిషాలయ్యాక ఇంకా బాగుందనిపించినా దిగిపోవాల్సిందే. అలవాటు లేని తొడ కండరాలు అలిసి వణికితే, ఆ వణుకునే శరీరం భయంగా లెక్కేస్తుంది. జీను తీసి, చెమట ఆరేదాకా నడిపించి, క్యారెట్ ముక్క అరచేతిలో చదునుగా పెట్టి ఇవ్వండి.

నోటుపుస్తకంలో మూడు అంకెలు రాయండి: ఎక్కే ముందు ఆందోళన లేదా దిగులు సున్నా నుంచి పదిలో ఎంత, దిగాక ఎంత, ఆ రాత్రి పడుకునేటప్పుడు ఎంత. మూడోది మర్చిపోతుంటారు, డాక్టరుకు ఎక్కువ పనికొచ్చేది అదే. వారానికి రెండుసార్ల చొప్పున నాలుగుసార్లు ఈ పాఠమే చేయండి. నాలుగోసారి చేతులు మెడ పట్టీ మీంచి తీసి తొడల మీద పెట్టుకుని రెండు చుట్లు తిరగగలిగితే నాలుగో పాఠంలో పగ్గాలిస్తాం. దానికి వేళ్ల మధ్య జారని పలుచటి గ్లవుజులు తెచ్చుకోండి.