శిక్షణ పూర్తయినా వార్డులో పద్ధతి మారకపోతే ఎక్కడ వెతకాలి

లక్షణం: సాక్ష్యాధారిత నర్సింగ్‌పై, అంటే అలవాటును బట్టి కాక పరిశోధనలో తేలినదాన్ని బట్టి సేవ చేయడంపై, తరగతులు జరిగాయి, పరీక్షలో మార్కులూ బాగానే వచ్చాయి. అయినా రైల్స్ ట్యూబ్ (ఆహారం పంపడానికి ముక్కు ద్వారా పొట్టలోకి వేసే గొట్టం) వేశాక స్టాఫ్ నర్సులు సిరంజితో గాలి పంపి, పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి, శబ్దం వినబడగానే ఫీడ్ మొదలుపెడుతున్నారు. ట్యూబ్ ఊపిరితిత్తిలోకి వెళ్లినా ఆ శబ్దం వినిపించవచ్చు కనుక, బ్రిటన్‌లోని జాతీయ రోగి భద్రతా సంస్థ 2005లోనే ఈ పద్ధతిని నమ్మవద్దని హెచ్చరించింది. ట్యూబ్ పొట్టలోనే ఉందనడానికి, దానిలోంచి వెనక్కి లాగిన ద్రవం పీహెచ్ (ఆమ్లత్వాన్ని చూపే అంకె; ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 5.5 లేదా అంతకు తక్కువ ఉండాలని, ద్రవం రాకపోయినా అంకె ఎక్కువ వచ్చినా ఎక్స్‌రే అవసరం కావచ్చని ఆ నర్సులే తడుముకోకుండా చెబుతారు.

మొదట ట్రాలీలో పీహెచ్ స్ట్రిప్పులు ఉన్నాయో లేదో చూడండి. ప్రతిచోటా ఈ ఒక్క పని వదిలేసి మరో తరగతి పెడుతున్నారు. ఇండెంట్‌లో (స్టోర్ నుంచి తెప్పించే సరుకుల జాబితాలో) పేరే లేని వస్తువును వాడలేదని నర్సును తప్పుపట్టడం అన్యాయం. స్ట్రిప్పులు లేకపోతే అర అంకె తేడాను చూపగలిగేవి తెప్పించండి. లిట్మస్ కాగితం ఇందుకు పనికిరాదు.

స్ట్రిప్పులు ఉన్నా పద్ధతి మారలేదంటే వార్డులో నింపే ఫారాన్ని తీసి చదవండి. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఈ కారణం చాలాకాలం నా కంట పడలేదు, ఆ లోగా ఎన్నో తరగతులు వృథా చేశాను. ప్రొసీజర్ ఫారంలో ‘గాలి శబ్దం వినబడింది: అవును / కాదు’ అన్న గడి ఉంది, పీహెచ్ రాయడానికి చోటే లేదు. నెలాఖరు ఆడిట్‌లో లెక్కించేది ఆ గడినే. పీహెచ్ చూసిన నర్సు రికార్డు అసంపూర్ణమని తేలుతుంది, శబ్దం విన్న నర్సుకు పూర్తి మార్కులు వస్తాయి. కొత్తగా చేరినవారు పని నేర్చుకునేది తరగతిలో కాదు, నైట్ డ్యూటీలో ఆ ఫారం నింపుతూ. రోజూ చేతిలో ఉండే కాగితం ఒకటి చెబుతుంటే, ఎప్పుడో విన్న పాఠం ఎంతకాలం నిలుస్తుంది?

పరిష్కారంగా గాలి శబ్దం గడిని పూర్తిగా తీసేయించి, పీహెచ్ అంకె, ముక్కు దగ్గర ట్యూబ్ మీద కనిపించే సెంటీమీటర్ల గుర్తు, ఎక్స్‌రే తీస్తే దాన్ని చూసినవారి పేరు రాసే గడులు పెట్టించండి. పాత ఫారాల కట్టలను ఒకే రోజు అన్ని వార్డుల నుంచి వెనక్కి తీసుకోండి; ఒక్క కట్ట మిగిలినా పాత పద్ధతి తిరిగి వస్తుంది. కొత్త ఫారం రాసే పనిని సూపరింటెండెంట్ గదికి వదలకుండా ఇద్దరు స్టాఫ్ నర్సులకు అప్పగించి, అందుకు డ్యూటీలోనే సమయం ఇప్పించండి. ప్రశ్న వేయడం, మార్గదర్శకం వెతకడం, అది తమ రోగులకు వర్తిస్తుందో లేదో తూచడం వారికి అలవడేది ఆ పనిలోనే. పొట్టలో ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ మందు తీసుకునే రోగికి పీహెచ్ సహజంగానే ఎక్కువ వస్తే ఏం చేయాలన్న ప్రశ్న మా దగ్గర లేవనెత్తింది ఫారం రాస్తున్న నర్సే, ఏ తరగతిలోనూ అది రాలేదు.

ఆసక్తి లేకపోవడం, గణాంకాలు అర్థం కాకపోవడం నేను చూసినంతలో అరుదైన కారణాలు. పై రెండూ సరిచేశాకే వాటి జోలికి వెళ్లండి. వారం తర్వాత నైట్ షిఫ్ట్ ఫారాలు తీసి, పీహెచ్ గడిలో అంకె ఉందో, ఉత్త టిక్కు ఉందో చూడండి. టిక్కు కనిపిస్తే ఆ వార్డు ట్రాలీని మళ్లీ తెరిచి చూడండి.