పైప్‌లైన్‌లో యూనియన్ పని, మూడో పాఠం: టెరోలో పేరుంటే చాలదు

అమెరికాలో నేటివ్ అమెరికన్ తెగ కుర్రాడికి పైప్‌లైన్ పని ఎలా దొరుకుతుందన్న పోయిన పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో చాలామంది ఒకే చోట జారారు. "తెగ సభ్యత్వ పత్రం ఉంది, టెరో ఆఫీసులో పేరు రాయించాడు, ఇక పిలుపు రావాలి" అని ముగించారు. (టెరో అంటే తెగల ఉపాధి హక్కుల కార్యాలయం.) అలా కూర్చున్న కుర్రాడి ఊరి పక్కనుంచే గొట్టం వెళ్లిపోతుంది, పని మాత్రం రాదు. అందుకే వెల్డింగ్ పరీక్షను తర్వాతి పాఠానికి జరిపి, ఈసారి ఇదే విడమరుస్తున్నాను.

మనకు కోటా అనగానే రోస్టర్ పాయింట్లు, బ్యాక్‌లాగ్ పోస్టులు గుర్తొస్తాయి. టెరో ఆ పద్ధతిలో నడవదు. 1964 పౌరహక్కుల చట్టం 703(ఐ) సెక్షన్ తెగల భూభాగంలోనూ దాని చుట్టుపక్కలా నేటివ్ అమెరికన్లకు ప్రాధాన్యం ఇవ్వడానికి వీలు కల్పిస్తుంది. ఇవ్వాలని బలవంతపెట్టదు. బలవంతం వచ్చేది తెగ ప్రభుత్వం చేసిన సొంత చట్టం నుంచి. అది తెగ అధికార పరిధిలో చెల్లుతుంది. పరిధి దాటాక, పైప్‌లైన్ యజమాని ఒప్పందంలో ఏం రాసిచ్చాడో అంతవరకే. కాబట్టి మొదట చూడాల్సింది రూట్ మ్యాప్. మిన్నెసోటాలో 2020 డిసెంబరు నుంచి 2021 వరకు వేసిన ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ చమురు పైప్‌లైన్ లైన్ 3, ఫాండ్ డు లాక్ తెగ భూభాగంలోంచి వెళ్లింది. వైట్ ఎర్త్, రెడ్ లేక్ తెగలు ఆ ప్రాజెక్టును కోర్టుల్లో ఎదిరించాయి. అంటే ఒకే గొట్టం దగ్గర కూడా అన్ని తెగల సభ్యుల పరిస్థితీ ఒకటి కాదు.

ఇక అసలు ఉచ్చు. పెద్ద పైప్‌లైన్లు వేసే యూనియన్ కాంట్రాక్టర్లకు నాలుగు యూనియన్లతో ఒప్పందాలుంటాయి: లేబరర్లు, ఆపరేటింగ్ ఇంజనీర్లు, టీమ్‌స్టర్లు, వెల్డర్లు-హెల్పర్ల యునైటెడ్ అసోసియేషన్ (పైప్‌లైన్ల విషయంలో దాని టల్సా శాఖ, లోకల్ 798). ఆ ఒప్పందాల కింద స్థానికుల్ని తీసుకోవాలంటే హైరింగ్ హాల్, అంటే పనికి మనుషుల్ని పంపే యూనియన్ ఆఫీసు, పంపాలి. హాల్‌కు తన సొంత జాబితా ఉంటుంది, పని లేకుండా ఉన్నవాళ్ల వరుస అది. టెరో జాబితా టెరో దగ్గర, హాల్ జాబితా హాల్ దగ్గర. ఒకదాంట్లోని పేరు రెండోదాంట్లోకి దానంతటది వెళ్లదు. ఇది మళ్లీ చదవండి. టెరోలో స్కిల్స్ బ్యాంక్ (ఎవరికి ఏ పని వచ్చో రాసుకునే జాబితా) ఫారం నింపినా హాల్ దృష్టిలో ఆ మనిషి లేనట్టే. హాల్‌లో పేరున్నా, తెగ సభ్యుడని టెరో ధ్రువీకరించకపోతే ప్రాధాన్యం అడిగే దారి లేదు. రెండింట్లోనూ ఉండాలి, ఒకే స్పెల్లింగుతో, ఒకే ఫోన్ నంబరుతో. నంబరు మారితే రెండు చోట్లా మార్చాలి. చాలా హాళ్లలో వరుసలో పేరు నిలవాలంటే గడువులోగా మళ్లీ నమోదు చేసుకోవాలి. ఆ గడువు ఎంతో మొదటి రోజే అడిగి రాసుకోవాలి.

"సభ్యత్వం లేకుండా హాల్ గడప ఎక్కనివ్వరు కదా" అని కొందరు రాశారు. ఎక్కనివ్వాలి. సభ్యుడు కాదన్న కారణంతో పనికి పంపకపోవడం కార్మిక చట్టానికి విరుద్ధం. నిర్మాణ రంగంలో, యూనియన్ ఒప్పందంలో ఆ షరతు ఉంటే, పనిలో చేరిన ఏడు రోజుల తర్వాతే రుసుములు కట్టమని అడగగలరు. ఉత్తర, దక్షిణ డకోటాల రాష్ట్ర చట్టాలు ఆ షరతునే ఒప్పుకోవు. మిన్నెసోటాలో చెల్లుతుంది.

రెండు జాబితాలూ కలిసే చోటు ప్రీ-జాబ్ సమావేశం. లైనును స్ప్రెడ్‌లుగా, అంటే విడి భాగాలుగా, విడగొట్టి కాంట్రాక్టర్లకు ఇచ్చాక, పని మొదలవకముందే కాంట్రాక్టరూ యూనియన్లూ కూర్చుని మనుషుల లెక్క తేలుస్తారు. తన వెంట తెచ్చుకునే పాత సిబ్బంది ఎంతమంది, హాల్ నుంచి ఎంతమంది అన్నది అక్కడ మాట్లాడతారు. టెరో అధికారి అక్కడ ఉండి, 'కీలక సిబ్బంది' పేరుతో ఎవరిని తెస్తున్నారో జాబితా అడిగి, తెగ సభ్యుల్ని పేరుపెట్టి పిలిచే పద్ధతి రాయించుకోవాలి. క్రూలు నిండాక అడిగితే ఫలితం ఉండదు. అందుకే టెరోను "పని ఉందా" అని అడగకండి. "ప్రీ-జాబ్ ఎప్పుడు, మీరు వెళ్తున్నారా" అని అడగండి.

ఏ యూనియన్ అంటే నా ఓటు లేబరర్లకు. చెట్లు కొట్టడం, మెత్తటి నేల మీద బరువైన మ్యాట్లు పరచడం, మట్టి కొట్టుకుపోకుండా సిల్ట్ ఫెన్స్ కట్టడం నుంచి చివర్లో నేల సరిచేసి గడ్డి విత్తనాలు చల్లేదాకా వాళ్లకు పని ఉంటుంది. లైను అయిపోయినా రోడ్లు, వంతెనలు ఉంటాయి. హెల్పర్‌గా 798లో చేరేవాడు రాష్ట్రాలు దాటి తిరగడానికి సిద్ధపడాలి. ట్రక్కు నడపాలంటే భారీ వాహనాలకిచ్చే క్లాస్ ఎ లైసెన్స్ ముందే చేతిలో ఉండాలి.

కాగితాల్లో ఒక వెసులుబాటు ఉంది. పనిలో చేరేటప్పుడు నింపే ఐ-9 ఫారానికి అమెరికా ప్రభుత్వం గుర్తించిన తెగ ఇచ్చిన పత్రం గుర్తింపుకూ, పని హక్కుకూ రెండింటికీ చెల్లుతుంది. డ్రగ్ టెస్ట్‌లో మాత్రం వెసులుబాటు ఉండదు. రాష్ట్రంలోనో తెగ భూమిలోనో గంజాయి చట్టబద్ధమైనా, పరీక్షలో కనిపిస్తే ఆ పనికి పంపరు. బూట్లు, పనిముట్లు, మొదటి జీతం వచ్చేదాకా పెట్రోలు ఖర్చుల కోసం డబ్ల్యూఐఓఏ (ఉపాధి, శిక్షణకు సాయం చేసే ఫెడరల్ చట్టం) 166 సెక్షన్ కింద నడిచే తెగ ఉపాధి కార్యక్రమాన్ని అడగాలి.

అభ్యాసం: 22 ఏళ్ల ఫాండ్ డు లాక్ సభ్యురాలు, డ్రైవింగ్ లైసెన్స్ ఉంది, నిర్మాణ అనుభవం లేదు, ఫోన్ నంబరు ఈ మధ్యే మారింది. తెగ భూమి మీదుగా కొత్త స్ప్రెడ్ ఖరారైంది, ప్రీ-జాబ్ ఆరు వారాల్లో ఉంది. వారం వారం ఆమె ఏ ఆఫీసుకు వెళ్లాలో, ఏ కాగితం తీసుకెళ్లాలో, అక్కడ ఏ ప్రశ్న అడగాలో ఆ ప్రశ్నను అడిగే మాటల్లోనే రాయండి. "టెరోను సంప్రదించాలి" లాంటి వాక్యం ఉన్న జవాబు దిద్దకుండా వెనక్కి పంపుతాను.