బహుభాషా వెబ్‌సైటు చేద్దాం - 4వ పాఠం: ఇప్పుడున్నది ఏ భాషలో?

పోయిన పాఠంలో మన బెంగళూరు మారతహళ్లి పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) సైటుకు కన్నడ, తెలుగు, ఇంగ్లిష్ పేజీలను వేర్వేరు చిరునామాల్లో పెట్టాం. ఇవాళ పైన కుడిమూలన ఉండే భాషల బటన్ సంగతి.

చాలా సైట్లలో అక్కడ ‘తెలుగు’ అని ఒక్క మాటే ఉంటుంది. ఇప్పుడు చదువుతున్నది తెలుగా, నొక్కితే వచ్చేది తెలుగా? కింద పేరాలకు పేరాలుంటే చూసి తెలుసుకోవచ్చు. పీజీ సైటులో ఉండేవి గదుల ఫొటోలు, అద్దె అంకెలు, మ్యాపు. వాటిని చూసి ఏం పోల్చుకుంటారు? అందుకే మూడు పేర్లూ పక్కపక్కనే పెట్టండి, దేని లిపిలో దాన్ని. ఇంగ్లిష్ పేజీలో ఇరుక్కున్న తెలుగు మనిషి కళ్లు వెతికేది తెలుగు అక్షరాల కోసమే. వరుస మాత్రం ఏ పేజీలోనూ మారకూడదు.

ఉన్న భాష పేరుకు లింకు తీసేసి, బోల్డ్ చేసి, ముందు టిక్కు పెట్టండి. ఒక్క రంగు మారిస్తే చాలదు, రంగుల తేడా తెలియనివాళ్లూ వస్తారు. చూపు లేనివాళ్లకు తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కోసం ఆ పేరుకే ఏరియా-కరెంట్ (aria-current) ఆట్రిబ్యూట్ ఇచ్చి, విలువ ట్రూ అని రాయండి.

అసలు మెలిక హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగులో ఉంది. అక్కడి లాంగ్ (lang) ఆట్రిబ్యూట్‌కు తెలుగైతే టీఈ, కన్నడైతే కేఎన్, ఇంగ్లిషైతే ఈఎన్. కన్నడ పేజీని కాపీ కొట్టి తెలుగు పేజీ చేస్తే కేఎన్ అలాగే ఉండిపోతుంది. చూసేవాళ్లకు ఏ తేడా తెలియదు గానీ, స్క్రీన్ రీడర్ తెలుగును కన్నడ గొంతుతో చదవబోతుంది. పేజీ భాష చెప్పడం వైకల్యం ఉన్నవాళ్లకూ వెబ్ అందాలని రాసిన డబ్ల్యూసీఏజీ (WCAG) మార్గదర్శకాల్లో అట్టడుగు ‘ఎ’ స్థాయి నిబంధన, అంటే కనీస మర్యాద. కాబట్టి టిక్కును పేజీ పేజీకీ చేత్తో పెట్టకండి. టెంప్లేటే (అన్ని పేజీలకూ ఉమ్మడి అచ్చు) లాంగ్ విలువ చూసి పెట్టేలా రాయండి. అప్పుడు లాంగ్ తప్పితే టిక్కూ తప్పుతుంది, తప్పు అందరికీ కనబడుతుంది. మెనూలోని ఒక్కో పేరుకూ దాని లాంగ్ విడిగా ఇవ్వడం మరవద్దు.

జెండా బొమ్మలు వద్దు. కన్నడకూ తెలుగుకూ త్రివర్ణమే పెడతారా ఏంటి?

బెంగళూరు ఐపీ (నెట్ చిరునామా) కనిపించింది కదాని కన్నడ పేజీ తెరిచేయడమూ వద్దు. ఆంధ్రా మెస్సులున్న వీధిలో ఆ లెక్క నిలవదు. బ్రౌజరే తనకు కావలసిన భాషల వరుసను యాక్సెప్ట్-లాంగ్వేజ్ హెడర్‌లో (పేజీ అడుగుతూ పంపే చీటీలో) పంపుతుంది. దాన్ని ఎంతవరకు నమ్మాలో 5వ పాఠంలో.

ఈలోగా అభ్యాసం: ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఆన్ చేసి, తెర చూడకుండా మీ మూడు పేజీలూ వినండి. ఏ పేజీలో ఉన్నారో బటన్ దగ్గరకు వచ్చేసరికి తెలియకపోతే లాంగ్, ఏరియా-కరెంట్ రెండూ మళ్లీ చూసుకోండి.