కొత్త పీజీ ప్రోగ్రామ్ ఫైలు ఎక్కడ ఆగింది? సమస్య - పరిష్కారం

కొత్త పీజీ ప్రోగ్రామ్ ప్రతిపాదన మామూలుగా నాలుగైదు బల్లలు దాటాలి. ముందు విభాగం, తర్వాత ఫ్యాకల్టీ కమిటీ, పీజీ వ్యవహారాలు చూసే కౌన్సిల్, సెనేట్ లేదా అకడమిక్ కౌన్సిల్, చివరికి పాలక మండలి. పేర్లు ఒక్కో చోట ఒక్కోలా ఉన్నా వరస దాదాపు ఇదే. ఫైలు ఆగినప్పుడు దాని మీద రాసిన కారణం ఒకటి, అసలు కారణం ఇంకొకటి కావడం ఇక్కడ కొత్తేమీ కాదు. "మరింత స్పష్టత కావాలి" అని రాసి పంపారంటే చాలాసార్లు ఫైల్లో రెండు కాగితాలు రెండు మాటలు చెబుతున్నాయని అర్థం. కమిటీలో కూర్చున్న రోజుల్లో నేనూ ఆ ముక్కే రాసేవాణ్ణి. తప్పు ఫలానా చోట ఉందని తోటి ప్రొఫెసర్‌కి చెప్పాలంటే మొహమాటం మరి.

లక్షణం: చర్చకు రాకుండానే ఆఫీసు నుంచి వెనక్కి వచ్చింది

లెక్క కుదరలేదు. మొదటి పేజీలో 72 క్రెడిట్లు (చదువు బరువును కొలిచే యూనిట్లు) అని ఉంటుంది. సెమిస్టర్ల పట్టికలో చూస్తే 18, 18, 20, 18. కూడితే 74. ఆఖరి నిమిషంలో ఎవరో మూడో సెమిస్టర్లో రెండు క్రెడిట్ల సెమినార్ చేర్చి, ముందు పేజీ ముట్టుకోలేదు. లేదంటే రెండో సెమిస్టర్ పేపరుకు ప్రీరిక్విజిట్‌గా, అంటే ముందే చదివి ఉండాల్సిన పేపరుగా, మూడో సెమిస్టర్ పేపరు పెట్టి ఉంటుంది.

పరిష్కారం: పట్టిక ఒక్కదాన్నే ప్రమాణంగా పెట్టుకుని, మిగతా పేజీల్లో అంకెలన్నీ దాన్ని చూసే వేయండి. తర్వాత సిలబస్ రాయడంలో చెయ్యి పెట్టని ఒకరికి ఫైలిచ్చి, చేరిన రోజు నుంచి పట్టా దాకా ఒక విద్యార్థి ఏ సెమిస్టర్లో ఏం చదువుతారో రాయమనండి. గంటలో లొసుగులన్నీ బయటపడతాయి.

లక్షణం: "పీజీ స్థాయిలో లేదు" అన్నారు

బాధ కలిగించే మాటే గానీ, చాలాసార్లు నిజం. డిగ్రీ సిలబస్‌కే రెండు యూనిట్లు కలిపి, పేరుకు ముందు "అడ్వాన్స్‌డ్" తగిలిస్తే పీజీ పేపరు అయిపోదు. కమిటీ ముందుగా చూసేది లెర్నింగ్ అవుట్‌కమ్స్, అంటే పేపరు చదివాక విద్యార్థి ఏం చేయగలరో చెప్పే వాక్యాలు. అవి ఏ మెట్టు మీద ఉన్నాయో తేల్చడానికి చదువు లక్ష్యాలను మెట్లుగా విడదీసే 1956 నాటి బ్లూమ్ వర్గీకరణనో, 2001లో వచ్చిన దాని సవరణనో పక్కన పెట్టుకుంటారు. సవరించిన దాంట్లో ఆరు మెట్లు: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, విలువ కట్టడం, సృష్టించడం. పీజీలో బరువంతా పై మూడింటి మీద ఉండాలి.

"శాంపిలింగ్ పద్ధతులను వివరించగలరు" అని ఉందనుకోండి. ఇలా మార్చవచ్చు: "ఇచ్చిన సర్వే డేటాలో శాంపిలింగ్ వల్ల వచ్చిన బయాస్‌ను పట్టుకుని, సరిదిద్దే పద్ధతిని ఎంచుకుని, ఆ ఎంపికను సమర్థించగలరు." అయితే క్రియాపదం మార్చి ఊరుకుంటే మళ్లీ దొరికిపోతారు. కింద మూల్యాంకనం వరసలో "రాత పరీక్ష, పది లఘు ప్రశ్నలు" అని ఉంటే, సమర్థించడం ఎక్కడ పరీక్షిస్తున్నారని అడుగుతారు. అక్కడ డేటా ఇచ్చి రిపోర్టు రాయించే పని ఉండాలి. డిగ్రీ విద్యార్థులు కూడా అదే క్లాసులో కూర్చుంటుంటే, పీజీవాళ్లకు అదనంగా ఏం ఇస్తారో సిలబస్‌లోనే రాయండి.

లక్షణం: పక్క విభాగం అడ్డుపడింది

పైకి చెప్పే కారణం "మా కోర్సుతో కలిసిపోతోంది" అని. లోపలి కారణం ఎక్కువగా ఒక్కటే: ముందు తమతో ఒక్క మాటైనా అనలేదని. అకడమిక్ కౌన్సిల్ ఎజెండాలో మొదటిసారి చూసినవాళ్లు ఊరుకుంటారా? రాయడం మొదలుపెట్టక ముందే వెళ్లి కలవండి. ఉత్త "అభ్యంతరం లేదు" లేఖతో సరిపెట్టుకోకండి. మీ విద్యార్థులు వాళ్ల పేపర్లు తీసుకోవాల్సి ఉంటే, ఏ పేపర్లు, ఏడాదికి ఎన్ని సీట్లు అన్నది లేఖలో ఉండాలి.

లక్షణం: డిమాండ్‌కు ఆధారం చాలదన్నారు

సొంత డిగ్రీ విద్యార్థుల్ని "ఆసక్తి ఉందా?" అని అడిగి తెచ్చిన సర్వే ఎవరినీ కదిలించదు. ఇలాంటి ప్రోగ్రామ్‌లు నడుపుతున్న చోట్ల ఎంతమంది చేరుతున్నారో, ఆ పట్టాతో ఏ ఉద్యోగాలకు వెళ్తున్నారో చూపండి.

లక్షణం: ఫైనాన్స్ దగ్గర నెలల తరబడి పడి ఉంది

ఏటా 20 మంది అని రాసి ఖర్చు కూడా 20 మందికే వేశారేమో చూడండి. రెండేళ్ల ప్రోగ్రామ్ అయితే రెండో ఏడు క్యాంపస్‌లో 40 మంది ఉంటారు. అందులో 20 మంది థీసిస్ రాస్తుంటారు. గైడ్ చేయగలవాళ్లు ఐదుగురుంటే తలా నలుగురు, ఉన్న క్లాసులకు అదనంగా. కొత్త పోస్టు అక్కర్లేదని రాసిన వాక్యం అక్కడే కూలిపోతుంది. "అదనపు ఖర్చు లేదు" అని చూస్తే ఫైనాన్స్‌వాళ్లు మెచ్చుకోరు, అనుమానిస్తారు. ఐదేళ్ల లెక్క వేసి, సగం సీట్లే నిండితే ఏం చేస్తారో కూడా రాయండి.

లక్షణం: విదేశీ భాగస్వామితో ఉమ్మడి డిగ్రీ, క్రెడిట్లు పొసగడం లేదు

క్రెడిట్‌ను క్రెడిట్‌తో పోల్చడం వల్ల వచ్చే చిక్కు ఇది. యూరప్ దేశాలు క్రెడిట్ల లెక్కకు వాడే ఈసీటీఎస్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే విద్యార్థి పెట్టే 25 నుంచి 30 గంటల శ్రమ, ఏడాదికి 60 క్రెడిట్లు. అమెరికాలో సుమారు పదిహేను వారాల సెమిస్టర్‌లో, ఒక్కో క్రెడిట్‌కు వారానికి గంట క్లాసు, బయట కనీసం రెండు గంటల పని. అంటే అక్కడి మూడు క్రెడిట్ల పేపరు దాదాపు 135 గంటలు, ఈసీటీఎస్‌లో రమారమి ఐదు. ముందు రెండు వైపులా గంటల్లోకి మార్చండి.

లక్షణం: ఆమోదాలన్నీ వచ్చాయి, అడ్మిషన్లు మాత్రం తెరవలేకపోతున్నారు

విశ్వవిద్యాలయం బయటి అనుమతి మిగిలి ఉంటుంది. అమెరికాలో ఒక సంస్థ తనకు గుర్తింపు ఉన్న స్థాయిని మించిన పట్టా మొదలుపెట్టాలంటే ఆ గుర్తింపు ఇచ్చే అక్రెడిటింగ్ సంస్థ ముందస్తు అనుమతి ఉండాలి. భారతదేశంలో 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం పట్టా పేరే నిర్దేశించిన జాబితాలో ఉండాలి. ఆకర్షణగా ఉంటుందని కొత్త పేరు కనిపెట్టినవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఈ రెండు ప్రశ్నలూ, అంటే మా స్థాయికి అనుమతి ఉందా, ఈ పేరు చెల్లుతుందా అన్నవి, విభాగం తొలి సమావేశం రోజే రిజిస్ట్రార్ ఆఫీసుకు రాతపూర్వకంగా పంపి, జవాబును ఫైల్లో మొదటి కాగితంగా పెట్టండి.