వానలు మొదలవకముందే ఫిట్స్ ఉన్నోళ్ల ఇంట్లో చూసుకోవాల్సినవి
మా పర్లాకిమిడిలో తొలకరి పడిందంటే వెనకాలే జ్వరాలు. ఇంట్లో ఫిట్స్ ఉన్న మనిషి ఉంటే ఆ జ్వరమే అసలు భయం, ఒళ్లు కాలితే మందులు వాడుతున్నా ఫిట్స్ వచ్చేయొచ్చు.

పోయిన శ్రావణంలో మా తమ్ముడికి అదే అయింది. ఫిట్ వచ్చిన గంటకే రక్తం తీశారు, ల్యాబ్ కాగితంలో తెల్లకణాలు 16,000 అని లావు అక్షరాల్లో ఉంది, అది చూసి అమ్మ జబ్బు ముదిరిపోయిందని ఒకటే ఏడుపు. తర్వాత డాక్టర్ గారు చెప్పారు, ఒళ్లంతా గట్టిగా కొట్టుకున్నాక ఇన్ఫెక్షన్ లేకపోయినా తెల్లకణాలు కొన్ని గంటలు పెరుగుతాయంట. సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) మాత్రం నెమ్మది, అది బాగా కనపడేసరికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఐఎల్-6 లాంటి, రక్తంలో వాపుని చూపించే పదార్థాలు ఫిట్ తర్వాత పెరుగుతాయని పరిశోధనలు చెప్తున్నాయి గానీ, ఒక్క అంకె చూసి ఫిట్స్ ఎంత తీవ్రమో తేల్చే రక్తపరీక్ష ఇంకా లేదు. మలేరియా వచ్చినా, పంటికి చీము పట్టినా సీఆర్‌పీ పెరుగుతుంది కదా. అందుకే ఫిట్ వచ్చిన టైము, రక్తం తీసిన టైము రెండూ ఆ కాగితం మీదే రాసుకోండి, డాక్టర్‌కి అదే పనికొస్తుంది.

జ్వరం వస్తే ఆ రోజే మలేరియా టెస్ట్ చేయించండి, ఆశా దీదీని అడిగితే చేస్తారు. మందు రాసేటప్పుడు ఫిట్స్ ఉన్నాయని ముందే చెప్పాలి, మెఫ్లోక్విన్ అనే మలేరియా మందు అయితే వీళ్లకి ఇవ్వకూడదు, సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్, ట్రమడాల్ అనే నొప్పి మందు కూడా ఫిట్స్ తెప్పించొచ్చు. షాపులో అడిగి నొప్పి బిళ్ల తెచ్చుకోవడం మానేయండి.

వంశధార పొంగితే గుణుపురం వైపు రావడం పోవడం కష్టం, కాబట్టి ఫిట్స్ బిళ్లలు ఒక నెలకి అదనంగా తెచ్చి తడవని డబ్బాలో పెట్టుకోండి. ఒక్క పూట కూడా తప్పొద్దు, వాంతి అయితే డాక్టర్‌కి ఫోన్ చేసి మళ్లీ వెయ్యాలా అడగండి. గెడ్డకి స్నానానికి ఒంటరిగా పంపొద్దు.

ఫిట్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా, నీళ్లు ఏవీ వద్దు. ముందు గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే రెండోది వచ్చినా 108కి చేసేయండి.