బావి ఫలితం రాకముందే: చిన్న చమురు షేర్లు పట్టుకున్నవాళ్లకు జాగ్రత్తలు

లండన్‌లో చిన్న కంపెనీల కోసం ఉన్న ఎయిమ్ షేర్ మార్కెట్లోని చమురు కంపెనీలు తాము తవ్విన బావి ఫలితాన్ని మామూలుగా ఉదయం 7 గంటలకు ప్రకటిస్తాయి. మార్కెట్ తెరిచేది 8కి. మన గడియారంలో ప్రకటన వేసవిలో 11.30కి, చలికాలంలో 12.30కి వస్తుంది. నష్టమైనా లాభమైనా ఆ మధ్య గంటలోనే ఖాయమైపోతుంది. నిన్న 40 పెన్నీల (100 పెన్నీలు ఒక పౌండు) దగ్గర ముగిసిన షేరు, నూనె పడలేదని తెలిశాక 8 గంటలకు 15 దగ్గరే మొదలు కావచ్చు. ధర 35కి పడితే అమ్మేయమని ముందే ఆర్డర్ (స్టాప్‌లాస్) పెట్టుకున్నా లాభం లేదు. 35 అనే ధర అసలు తెర మీదకే రాదు, మీ షేర్లు 15కో 13కో పోతాయి. కాబట్టి స్టాప్‌లాస్ ఉంది కదా అని పెద్ద మొత్తం పెట్టకండి. ఇక్కడ మీ చేతిలో ఉన్నవి రెండే: ఎంత పెట్టారన్నది, ఫలితానికి ముందు ఎంత వెనక్కి తీసుకున్నారన్నది.

2010లో దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్ దీవుల ఉత్తర బేసిన్‌లో జరిగింది చూడండి. ఓషన్ గార్డియన్ అనే ఒకే రిగ్ వరసగా బావులు తవ్వింది. మార్చి చివర్లో డిజైర్ పెట్రోలియం తన లిజ్ బావి ఫలితం బాగాలేదని చెప్పగానే ఆ షేరు ఒక్క రోజులో దాదాపు సగానికి పడింది. మే నెలలో అదే రిగ్ రాక్‌హాపర్ కంపెనీకి సీ లయన్ దగ్గర నూనె తేల్చింది. సుమారు 40 పెన్నీల షేరు కొన్ని నెలల్లోనే 400 దాటింది. డిసెంబరులో డిజైర్ మళ్లీ తన రేచల్ నార్త్ బావిలో నూనె ఉందని ప్రకటించి, కొద్ది రోజుల్లోనే అది నీరని సవరించుకుంది. షేరు మళ్లీ కూలింది. సీ లయన్ నిజమైన నిక్షేపమే. అయినా 15 ఏళ్లు గడిచినా అక్కడి నుంచి ఒక్క బ్యారెల్ అమ్మకానికి రాలేదు, రాక్‌హాపర్ షేరు ఈ ఏళ్లలో పది పెన్నీల కిందికి కూడా దిగింది. నూనె పడినా చేతికి డబ్బు రావడానికి అంత కాలం పడుతుంది.

కొనేముందు ఒక కాగితం మీద ఈ లెక్క వేయండి. కంపెనీకి 20 కోట్ల షేర్లు, ధర 40 పెన్నీలు అనుకుందాం. అంటే మార్కెట్ కట్టిన విలువ 8 కోట్ల పౌండ్లు. చేతిలో నగదు 2 కోట్లు. బావిలో కంపెనీ వాటా 25 శాతం, దానికయ్యే ఖర్చు 1.2 కోట్లు. సగటు అంచనా 10 కోట్ల బ్యారెళ్లయితే కంపెనీకి దక్కేది 2.5 కోట్ల బ్యారెళ్లు. భూమిలో ఉన్న బ్యారెల్‌కు 5 డాలర్లు కడితే 12.5 కోట్ల డాలర్లు, పౌండుకు 1.25 డాలర్ల చొప్పున 10 కోట్ల పౌండ్లు. బావి విఫలమైతే మిగిలేది 80 లక్షల పౌండ్ల నగదు, అంటే షేరుకు 4 పెన్నీలు. పడితే 10.8 కోట్లు, అంటే 54 పెన్నీలు. పైకి 14, కిందికి 36. ఈ ధరకు కొనడం న్యాయమవ్వాలంటే నూనె పడే అవకాశం 72 శాతం ఉండాలి. కంపెనీ నివేదికలో స్వతంత్ర నిపుణుడు రాసింది 20 శాతమైతే, మీరు దేనికి డబ్బు కడుతున్నారో తెలిసినట్టే. ఎవరూ తవ్వి చూడని ప్రాంతంలో వేసే బావికి ఆ అంకె 10 నుంచి 25 శాతం మధ్య ఉండటం మామూలే.

అంకెలు తీసుకునేటప్పుడు మాటలు చూసుకోండి. ప్రాస్పెక్టివ్ రిసోర్స్ అంటే ఇంకా ఎవరూ తవ్వి చూడనిది. కంటింజెంట్ రిసోర్స్ అంటే కనిపెట్టారు గానీ తీయడం లాభమో కాదో తేలనిది. రిజర్వ్ అంటే ఇప్పటి ధరలకు తీసి అమ్ముకోగలిగేది. ప్రచారంలో ఈ మూడూ ఒకే గాటన కట్టేస్తారు. అత్యధిక అంచనాను, అదీ కంపెనీ వాటా తీయకుండా మొత్తం బ్యారెళ్లతో, పెద్ద అక్షరాల్లో వేస్తారు. మన కృష్ణా గోదావరి బేసిన్‌లోనే 2005లో గుజరాత్ ప్రభుత్వ కంపెనీ జీఎస్‌పీసీ బ్లాకులో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ ఉందని ప్రకటించారు. ఆ తర్వాత ఆమోదం పొందిన ప్రణాళికలో అది పదో వంతు దగ్గరకు దిగింది. అది స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీ కాదు కాబట్టి చిన్న మదుపరులు బతికిపోయారు.

రాయలసీమలో బోరు వేయించే రైతుకు తెలుసు, పాయింట్ చూసినవాడికి నీళ్లు పడినా పడకపోయినా కూలి ముడుతుంది. ఇక్కడా అంతే. డైరెక్టర్ల జీతాలు, రిగ్ అద్దె, బ్రోకర్ కమీషన్ అన్నీ ముందే వెళ్లిపోతాయి. బావి ఖర్చంతా షేర్‌హోల్డర్లదే. అందుకే నగదు ఎన్ని నెలలకు సరిపోతుందో చూడకుండా కొనకండి. బావికి, ఆపైన ఏడాది ఆఫీసు ఖర్చుకు డబ్బు లేకపోతే ప్లేసింగ్ తప్పదు. నడుస్తున్న ధరకు తగ్గించి సంస్థలకు కొత్త షేర్లు అమ్ముతారు, మీ వాటా పలచబడుతుంది. చాలాసార్లు ఇది మంచి వార్త వచ్చిన వారంలోనే జరుగుతుంది. ఎందుకంటే కంపెనీకి ధర బాగున్నప్పుడే కదా అమ్ముకోవాలి.

తవ్వకం మొదలయ్యాక వార్తలు లేని రోజులే ఎక్కువ, నిద్ర చెడగొట్టేవి అవే. బావిని ఒకే వెడల్పుతో తవ్వరు. పైన పెద్ద రంధ్రం, ఉక్కు కేసింగ్ దించి సిమెంట్ పోయడం, దాని కింద 17.5 అంగుళాలు, తర్వాత 12.25, చివరికి 8.5 అంగుళాలు. ప్రతి దశకూ రోజులు పడతాయి. పైపు ఇరుక్కుంటే, వాతావరణం చెడితే వారాలు జారతాయి. ఆలస్యాన్ని నూనె పడిందనడానికి గుర్తుగా తీసుకోకండి. ఓడల ట్రాకింగ్ మ్యాపులో రిగ్ దగ్గరకు సరఫరా పడవ వచ్చిందనో, రాత్రి అక్కడ బావి పరీక్షలో కాల్చే మంట కనిపించిందనో కొనేవాళ్లున్నారు. పడవ రోజువారీ సరుకే తెచ్చి ఉండొచ్చు. మంట ఎంత పెద్దదైనా రోజుకు ఎన్ని బ్యారెళ్లన్నది అందులో కనిపించదు. లోపలి మనిషి చెప్పాడంటూ టెలిగ్రామ్‌లో వచ్చేది అబద్ధమైతే డబ్బు పోతుంది, నిజమై మీరు దాన్ని పట్టుకుని కొంటే అది ఇన్‌సైడర్ ట్రేడింగ్ నేరం.

ప్రకటన వచ్చాక శీర్షిక చూసి బటన్ నొక్కవద్దు. షోస్ అని ఉంటే రాతిపొడిలో నూనె ఛాయలు కనిపించాయని మాత్రమే. చూడాల్సింది నెట్ పే, అంటే నిజంగా నూనె ఇవ్వగల పొర ఎన్ని మీటర్లన్నది. గ్రాస్ కాలమ్ (పైనుంచి కిందిదాకా మొత్తం ఎత్తు) 100 మీటర్లని రాసి నెట్ పే 6 మీటర్లే ఉండొచ్చు. ఆ తర్వాత పోరాసిటీ (రాతిలో ఖాళీలెన్ని), పర్మియబిలిటీ (వాటి గుండా ద్రవం ఎంత తేలిగ్గా కదులుతుంది). రాతిలో ఖాళీలుండి, అవి ఒకదానితో ఒకటి కలవకపోతే నూనె కదలదు. లాగ్ రీడింగ్ (బావిలోకి దించిన పరికరం తీసిన కొలత) ఒక్కటే ఉండి ద్రవం నమూనా తీయలేదంటే సందేహించండి. ఉప్పునీరు కరెంటును బాగా మోస్తుంది, నూనె మోయదు, లాగ్ ఆ తేడానే చూస్తుంది. ఉప్పు తక్కువున్న నీరు కూడా నూనెలాగే కనిపించగలదు. ప్లగ్ చేసి వదిలేస్తున్నాం అన్న మాట ఎక్కడో నాలుగో పేరాలో ఉంటుంది, ముందు దాన్నే వెతకండి. నూనె దొరికిన అన్వేషణ బావిని కూడా ఒక్కోసారి మూసేస్తారు కాబట్టి దాని పక్కన నెట్ పే ఎంతో కలిపి చదవాలి.

ఫలితానికి రెండు వారాల ముందు ఒక పని చేయండి. మీ బ్రోకర్ తెర మీద మీ దగ్గరున్న షేర్లన్నిటికీ అమ్మకం కోట్ (ఎంత ధరకు కొంటారో) అడగండి, అయితే అమ్మడానికి ఒప్పుకోవద్దు. 20,000కు కోట్ రాక 5,000కే వస్తుంటే, ప్రశాంతంగా ఉన్న రోజున కూడా మీరు ఒక్కసారిగా బయటికి రాలేరు. చెడు రోజున ఆ 5,000 కూడా ఉండదు, ఫోన్ చేసి లైన్లో నిలబడాలి. కొనుగోలు 42, అమ్మకం 38 ఉన్న షేరులో కొన్న క్షణంలోనే పదో వంతు దాకా పోయినట్టే, దాన్నీ లెక్కలో వేసుకోండి. భారత్‌లో లిస్టయిన చిన్న షేరైతే గండం మరో రూపంలో వస్తుంది. లోయర్ సర్క్యూట్‌లో (ఒక్క రోజులో ధర పడగల హద్దు దగ్గర) కొనేవాడు లేక రోజుల తరబడి ఇరుక్కుంటారు.

20 పెన్నీలకు 10,000 షేర్లు కొని, ఫలితం దగ్గరపడేసరికి 40 అయితే 5,000 అమ్మేయండి. పెట్టిన 2,000 పౌండ్లు వెనక్కొస్తాయి. రెట్టింపు కాకపోయినా, మిగతాది మొత్తం పోతే ఇంటి ఖర్చు తడుముకోనంత వరకే ఉంచండి. ఒకే బావి మీద మీ షేర్ల డబ్బులో 2 శాతం దాటనివ్వకండి. అప్పు తెచ్చి అసలే వద్దు. మన దేశం నుంచి ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు పథకం) కింద ఏడాదికి 2.5 లక్షల డాలర్ల వరకు పంపొచ్చు గానీ ఆ డబ్బుతో విదేశాల్లో మార్జిన్ ట్రేడింగ్ (బ్రోకర్ అప్పుతో కొనడం) చేయకూడదు. ఆ షేర్లను ఆదాయపు పన్ను రిటర్న్‌లో విదేశీ ఆస్తుల పట్టిక షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపాలి, విలువ సున్నాకు దగ్గరైనా సరే.